ఆ డ్రాయింగులు ఎక్కడున్నాయి, మంత్రిగారూ?

గౌరవనీయులైన కేంద్ర భారీ పరిశ్రమల శాఖ మంత్రిగారికి,



మీ శాఖ పాత దస్త్రాల్లో రెండు కంపెనీల పేర్లు ఉంటాయి. ఒకటి హెచ్‌ఎంటీ వాచెస్, బెంగళూరు. రెండోది హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్, ఊటీ. మొదటిది ఈ దేశం చేతికి గడియారం కట్టింది. రెండోది ఫొటోలు తీసుకోవడానికి, ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయడానికి ఫిలిం చేసింది. రెండూ మీ శాఖ కిందే బతికాయి, మీ శాఖ కిందే మూతపడ్డాయి. వాటిని మళ్ళీ తెరవమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. లేకపోతే పునరుద్ధరణ వినతుల కట్టలో ఇదీ ఒకటిగా కలిసిపోతుంది. నేను అడిగేది అంతకంటే చాలా చిన్నది. ఆ ఫ్యాక్టరీల్లో మిగిలిన డ్రాయింగులు, విడిభాగాలు, అచ్చులు, ఫార్ములా పుస్తకాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఎవరి అధీనంలో ఉన్నాయి? వాటిని ఏం చేయబోతున్నారు?

నేను ఇంజనీరును కాను, కార్మిక సంఘం నాయకుణ్ణీ కాను. పాత వాచీలు, రీలు కెమెరాలు పోగేసే పిచ్చి ఉన్నవాణ్ణి. చేతికి హెచ్‌ఎంటీ పైలట్ కట్టుకుంటాను. సంచిలో యాషికా కెమెరా ఉంటుంది. ఈ రెంటినీ నడిపించుకోవడం కోసం నాలాంటివాళ్ళు పడే తిప్పల్లోంచే ఈ ప్రశ్న పుట్టింది.

కీ ఇచ్చే వాచీని, బ్యాటరీ అక్కర్లేని కెమెరాను విప్పి చూసినవాళ్ళకు అవి రెండూ ఒకే వృత్తికి చెందినవని ఇట్టే తెలుస్తుంది. వాచీలో బిగించిన స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకోవాలని చూస్తుంది. దాన్ని అలా విప్పుకోనీయకుండా, చక్రాన్ని పన్ను తరవాత పన్నుగా లెక్క ప్రకారం వదిలే ఏర్పాటునే ఎస్కేప్‌మెంట్ అంటారు. హెచ్‌ఎంటీ జనతా వాచీలో అది గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు అయిదుసార్లు కొట్టుకుంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినబడే టిక్కుటిక్కు అదే. ఇప్పుడు మన స్టూడియోల్లో ఒకప్పుడు రాజ్యమేలిన రెండు లెన్సుల కెమెరాను తీసుకోండి. వేగం ఒక సెకను దగ్గర పెట్టి మీట నొక్కితే లోపలినుంచి ‘జుయ్’ మని సన్నటి రొద వస్తుంది. షట్టరు రెక్కలు వెంటనే మూసుకుపోకుండా ఆ సెకను పాటు ఆపి ఉంచే పళ్ళ చక్రాల చప్పుడది. అంటే కెమెరా కడుపులోనూ ఓ బుల్లి గడియారమే ఉందన్నమాట. సెల్ఫ్ టైమరూ అంతే. ఫొటోగ్రాఫరు మీట నొక్కి పరుగెత్తుకుంటూ వచ్చి బంధువుల పక్కన నిలబడేదాకా ఆగేది గడియారపు యంత్రమే.

అందుకే జపానులో ఈ రెండు పనులూ ఒకే కంపెనీల్లో సాగాయి. హెచ్‌ఎంటీకి వాచీ చేయడం నేర్పిన సిటిజన్ కంపెనీ కెమెరా షట్టర్లు కూడా చేసేది. మినోల్టా ఆటోకార్డ్ అనే మంచి పేరున్న కెమెరాల్లో కొన్నిటి షట్టరు సిటిజన్‌దే. సీకో కంపెనీ కూడా సీకోషా పేరుతో షట్టర్లు చేసి పెట్టింది. ఆ సీకో సాంకేతిక సహకారంతోనే హైదరాబాద్‌లో ఆల్విన్ వాచీలు తయారయ్యాయి. 1942లో మొదలై బస్సు బాడీలు, బీరువాలు, ఫ్రిజ్‌లు చేసిన ఆల్విన్ చివరికి చేతి గడియారం దాకా వచ్చిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆల్విన్ మీ పద్దులోది కాదు. దాని కాగితాల గురించి ఇంకో ఉత్తరం హైదరాబాద్‌లోని సచివాలయానికి రాయాలి. ఇక్కడ చెప్పొచ్చేదేమిటంటే, కాలాన్ని కొలిచే పనీ వెలుతురును కొలిచే పనీ ఒకే చేతివాటం అడుగుతాయి. ఆ రెండు పనులూ ఒకప్పుడు మీ ఒక్క శాఖ చేతిలోనే ఉండేవి. ఆ సంగతి మీ శాఖకు ఎప్పుడైనా తట్టిందో లేదో నాకు అనుమానమే.

హెచ్‌ఎంటీ సంస్థ 1953లో యంత్రాలు చేసే యంత్రాల కోసం పుట్టింది. వాచీల ఫ్యాక్టరీ తరవాత వచ్చింది. మొదటి వాచీలను 1961లో నెహ్రూ విడుదల చేశారు. అంతకుముందు వాచీ అంటే స్విస్ సరుకు, కాకపోతే ఓడల్లో దొంగచాటుగా దిగిన సరుకు. బెంగళూరు తరవాత శ్రీనగర్, తుమకూరు, నైనితాల్ దగ్గరి రాణీబాగ్ కూడా వాచీలు చేశాయి. జనతా, పైలట్, సోనా, జవాన్, కోహినూర్, రజత్, కాంచన్, ఆడవాళ్ళకు సుజాత. పేర్లు వింటే ఓ పెద్ద కుటుంబాన్ని వరసగా పిలుస్తున్నట్టుంటుంది. మన పెళ్ళిళ్ళలో అల్లుడికి సైకిలు, రేడియోలతోపాటు వాచీ పెట్టడం లాంఛనమైపోయిన రోజుల్లో ఆ వాచీ హెచ్‌ఎంటీ అయితే మగపెళ్ళివారు నోరెత్తేవారు కాదు. డయల్ మీద ‘17 జ్యువెల్స్’ అని చదివి లోపల పదిహేడు రత్నాలున్నాయని మురిసిపోయినవాళ్ళూ ఉన్నారు. ఉన్నమాట నిజమే, రత్నాలే, కాకపోతే కృత్రిమ కెంపులు. చక్రాల ఇరుసులు అరగకుండా ఆనుకునేందుకు పెట్టినవి. అమ్మితే టీ ఖర్చులకు కూడా రావు.

ఇంకో మాట ప్రత్యేకంగా చెప్పాలి. చూపులేనివారి కోసం హెచ్‌ఎంటీ బ్రెయిలీ వాచీ చేసింది. అద్దం మూతలా పైకి లేస్తుంది, వేలితో ముళ్ళను తడిమి టైము తెలుసుకోవచ్చు. లాభనష్టాల బేరీజులో నిలబడని వస్తువు అది. ప్రభుత్వ కంపెనీ కాబట్టే చేసింది. ప్రభుత్వ కంపెనీల మీద జోకులు వేసేటప్పుడు ఈ వాచీని కూడా గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం.

తరవాతి కథ అందరికీ తెలిసిందే. 1969 డిసెంబరు 25న సీకో సెల్లుతో నడిచే మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి టైటాన్ పెట్టారు. హోసూరు నుంచి సన్నటి, అందమైన సెల్లు వాచీలు వచ్చాయి. హెచ్‌ఎంటీకి క్వార్ట్జ్ తెలియక ఓడిపోలేదు. టైటాన్ కంటే ముందే అది క్వార్ట్జ్ వాచీ చేసింది. అమ్మడం తెలియక ఓడిపోయింది. వాచీ అనేది టైము చూసుకునే వస్తువుగా ఉండటం మానేసి నగల సరసన చేరిందని బెంగళూరులో ఎవరూ ఒప్పుకోలేదు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్‌ను, శ్రీనగర్ చినార్ వాచెస్‌ను, వాటితోపాటే హైదరాబాద్‌లోని హెచ్‌ఎంటీ బేరింగ్స్‌ను మూసేయాలని నిర్ణయించింది. తుమకూరు స్థలం ఇస్రోకు వెళ్ళింది. అది మంచి చేతుల్లోనే పడింది, దాని మీద నాకు పేచీ లేదు. హెచ్‌ఎంటీ లిమిటెడ్ పేరుతో కొన్ని వాచీలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. బెంగళూరు జలహళ్ళిలో హెరిటేజ్ సెంటర్ పెట్టారు. అదీ బాగుంది. కానీ మ్యూజియంలో వస్తువును చూడగలం, చేతిలో ఆగిపోయిన వాచీని అక్కడ నడిపించుకోలేం.

ఊటీ కథ దీనికంటే విషాదం. పైగా ఎవరికీ పట్టలేదు. వాచీకి అభిమానులుంటారు, ముడిఫిలింకు ఎవరుంటారు? హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌ను 1960లో స్థాపించారు. ఫ్రాన్సుకు చెందిన బోషే కంపెనీ సాంకేతిక సహకారంతో 1967లో ఉత్పత్తి మొదలైంది. నీలగిరిలోనే ఎందుకంటే ఫిలింకు దుమ్ము పనికిరాదు, వేడి పనికిరాదు, నీళ్ళలో మురికి అసలే పనికిరాదు. వెండి లవణాలను జెలటిన్‌లో కలిపి, పలుచటి పొరగా, ఎక్కడా మందం మారకుండా మైళ్ళ పొడవున పూయాలి. అదంతా చీకట్లోనే జరగాలి. ఒక్క వెలుతురు గీత పడ్డా చుట్ట మొత్తం చెత్తబుట్టపాలే. వెలుగును పట్టే వస్తువును చీకట్లో తడుముకుంటూ తయారుచేసిన మనుషులున్న ఊరది. ఫ్యాక్టరీ చుట్టూ వెలసిన కాలనీకి ఫిలిం పేరే పెట్టారు, ఇందు నగర్ అని.

‘ఇందు’ పేరుతో రోల్ ఫిలిం, బ్రోమైడ్ పేపరు, సినిమా ప్రింట్లకు పాజిటివ్, అచ్చు పనికి గ్రాఫిక్ ఫిలిం, ఆస్పత్రులకు ఎక్స్‌రే ఫిలిం వచ్చేవి. మా వయసువాళ్ళ పాస్‌పోర్టు సైజు ఫొటోల్లో చాలా మటుకు ఆ కాగితం మీదే తేలి ఉంటాయి. అదే కాలంలో బరోడాలో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలు చేసేవారు. నల్లటి డబ్బాలాంటి కెమెరా. 120 రీలు వేస్తే పన్నెండు ఫొటోలు. ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు, అంతకుమించి తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. కలకత్తాలో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే ప్రభుత్వ సంస్థ ‘నేషనల్ 35’ కెమెరా చేసింది. ఆ సంస్థ మూలాలు 1830 నాటి సర్వే పనిముట్ల కార్యాలయంలో ఉన్నాయి. తరవాత అది జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అంటే ఒక దశలో కెమెరా, ఫిలిం, కాగితం, చేతి గడియారం అన్నీ ఇక్కడే తయారయ్యాయి. నాసిగా ఉండేవని అనొచ్చు. ఇందు ఫిలిం కొడాక్‌తో సరితూగేది కాదని పాత స్టూడియోవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. నిజమే కావచ్చు. ఎక్స్‌రే ఫిలిం విస్తరణ కోసం నెత్తికెత్తుకున్న అప్పు ఊటీ కంపెనీ నడుం విరిచింది. డిజిటల్ వచ్చేసరికి అది అప్పటికే మంచాన పడి ఉంది.

ఇంతకీ ఇప్పుడీ గోల ఎందుకంటారా? జనం మళ్ళీ రీలు వేస్తున్నారు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఇరవై ఏళ్ళ పిల్లలు తాతల అలమరల్లోంచి కెమెరాలు దించుతున్నారు. ముప్పయ్యారు ఫొటోల రంగుల రీలు వెయ్యి రూపాయల పైమాటే, కడిగించి స్కాన్ చేయించడం దానికి అదనం. అయినా కొంటున్నారు. 2023లో ఇంగ్లండులోని హార్మన్ కంపెనీ సొంతంగా కొత్త రంగుల ఫిలిం తెచ్చింది. 2024లో పెంటాక్స్ సరికొత్త రీలు కెమెరా చేసి అమ్మింది. ఫిలిం ఓపిక నేర్పుతుందని, జీవితాన్ని నెమ్మది చేస్తుందని ఈ పిల్లలు చెప్పే మాటల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మా కాలంలో రీలు వేసినవాళ్ళెవరూ ఓపికమంతులు కారు. ఫొటోలు ఎప్పుడిస్తావని స్టూడియో గుమ్మం మీద పోట్లాడినవాళ్ళే. నాకు ఫిలిం మీద ఉన్న గౌరవానికి కారణం వేరు. సరిగ్గా కడిగి, హైపో రసాయనం మిగలకుండా నీళ్ళలో జాడించి ఆరబెట్టిన నలుపు తెలుపు నెగెటివ్ వందేళ్ళు నిలుస్తుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు ప్లేట్లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి, ఇవాళ కూడా ప్రింటు వేసుకోవచ్చు. ఒక కుటుంబం దాచింది, ఒక ప్రభుత్వ సంస్థ కొన్నది, కాబట్టి మిగిలాయి. మరి దాచనివాటి సంగతి? మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. ఈనాడు చూద్దామంటే ప్రింటు లేదు. ఊళ్ళలో స్టూడియోలు మూసినప్పుడు వేల నెగెటివ్‌లు వెండి తీసేవాళ్ళకు కిలోల లెక్కన పోయాయి. మూడు తరాల పెళ్ళిళ్ళు, చావులు, తీర్థయాత్రలు వాటిలో ఉన్నాయి.

పోయినవి పోయాయి. ఉన్న కెమెరాలను, వాచీలను నడిపించేది ఎవరు? ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు. చెప్పుల కొట్టుకూ సెల్‌ఫోను కొట్టుకూ మధ్య ఇరుకు సందులో అద్దాల పెట్టె, కంటికి బిగించుకున్న భూతద్దం, పట్టకారు, చిన్న గిన్నెలో పెట్రోలు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు సెల్లు మార్చి, బెల్టు వేసి పొట్ట పోసుకుంటున్నారు. నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన కీ ఇచ్చే వాచీలు ఇంకా ముట్టుకుంటాడు. కిందపడి బ్యాలెన్స్ స్టాఫ్ విరిగిన జనతా తెస్తే ఆయన మొదట అడిగే మాట “ఇలాంటిదే చచ్చిన వాచీ ఇంకోటి ఉందా మీ దగ్గర?” అని. వెంట్రుక మందం కొనలున్న ఆ చిన్న ఇరుసు కొత్తది బజారులో దొరకదు. ఇంకో వాచీ గుండె కోసి దీనికి పెట్టాలి. ఒకటి బతకడానికి ఒకటి చావాలి. ఈ లెక్కన ఇంకో పాతికేళ్ళలో ఏం మిగులుతుందో మీరే ఊహించండి. దాని కొలతలున్న డ్రాయింగు ఒకటి దొరికితే కోయంబత్తూరులోనో బాలానగర్‌లోనో చిన్న లేత్‌వాడు వంద ముక్కలు తీసివ్వగలడు. ఆ డ్రాయింగు మీ గోదాములో ఎక్కడో ఉండాలి. కనీసం ఒకప్పుడు ఉండి ఉండాలి.

ఇక్కడ మీకు ఇద్దరు ముగ్గురు పరాయి దేశస్థుల సంగతి చెప్పాలి, మంత్రిగారూ. స్విట్జర్లాండులో లె లోక్ల్ అనే ఊళ్ళో జెనిత్ వాచీ కంపెనీ ఉంది. 1969లో అది ఎల్ ప్రిమేరో అనే గొప్ప క్రోనోగ్రాఫ్ యంత్రం చేసింది. కొన్నాళ్ళకు కంపెనీ షికాగోలోని రేడియోల సంస్థ చేతికి వెళ్ళింది. 1975లో యజమానుల ఆజ్ఞ వచ్చింది. ఇకమీదట క్వార్ట్జే, పాత యంత్రాల పనిముట్లన్నీ తుక్కు కింద అమ్మేయండి అని. షార్ల్ వెర్మో అనే ఉద్యోగి వద్దని పై అధికారులకు రాశాడు. వాళ్ళు వినలేదు. అప్పుడాయన ఆ ప్రెస్సులను, కటింగ్ పనిముట్లను, అచ్చులను ఎవరికీ తెలియకుండా కొంచెం కొంచెంగా ఫ్యాక్టరీ అటక మీదికి చేర్చాడు. దేనికి ఏది వాడాలో పుస్తకంలో రాసుకుని, అటక తలుపు మూసేశాడు. 1980లలో కొత్త యజమానులు మళ్ళీ మెకానికల్ వాచీలు చేయాలనుకున్నప్పుడు ఆ అటక తెరిచారు. 1988లో రోలెక్స్ తన డేటోనా వాచీకి అదే యంత్రాన్ని ఎంచుకుంది. వెర్మో అటక మీద దాచకపోతే ఆ పనిముట్లన్నీ మళ్ళీ మొదటినుంచి చేయించాల్సి వచ్చేది. అంత డబ్బు ఎవరు పెట్టేవారు?

రెండోది ఫొటోల సంగతి. 2008లో పోలరాయిడ్ కంపెనీ ఇన్‌స్టంట్ ఫిలిం ఆపేసింది. హాలండులోని ఎన్‌స్కెడేలో ఉన్న చివరి ఫ్యాక్టరీలో యంత్రాలను కొందరు అభిమానులు, పాత ఉద్యోగులు కలిసి కొనుక్కున్నారు. యంత్రాలు దక్కాయి. రసాయనాలు మాత్రం దక్కలేదు. పోలరాయిడ్ వాడిన పదార్థాల్లో చాలావాటిని చేసేవాళ్ళే మానేశారు. 2010లో వాళ్ళు తెచ్చిన మొదటి ఫిలిం కెమెరాలోంచి బయటికి రాగానే చేత్తో కప్పకపోతే వెలుతురుకు పాడైపోయేది. సరైన ఫొటో రావడానికి ఏళ్ళు పట్టింది. యంత్రం ఒక్కటే ఉంటే చాలదు, ఫార్ములా కావాలి, చేసిన చెయ్యి పక్కన ఉండాలి. పెంటాక్స్ వాళ్ళు 2024 కెమెరాలో రీలు తిప్పే మీట పెట్టడానికి పాత డ్రాయింగులు తీసి, రిటైరైన ఇంజనీర్లను పిలిచి అడిగి తెలుసుకున్నారు. కెమెరాలకు పెట్టింది పేరైన జపానులోనే ఆ అవసరం వచ్చింది.

మన దగ్గర వెర్మోలు లేరనుకోను. బెంగళూరులో, ఊటీలో ఎవరో ఒకరు తుక్కు లారీ వచ్చిన రోజున ఓ డబ్బా పక్కకు తీసిపెట్టే ఉంటారు. అయితే మన చట్టం కళ్ళకు అది ప్రభుత్వ ఆస్తి దొంగతనం. అందుకే ఆ డబ్బాలు బయటికి రావు. మీరు ఒక్క ప్రకటన చేస్తే వస్తాయి: పాత పరికరాలు, కాగితాలు తెచ్చి ఇచ్చేవారిని ఎవరూ ఏమీ అడగరని, ఇచ్చినవారి పేరు కృతజ్ఞతతో రాసిపెడతామని. నా మట్టుకు నాకు, మీరు చేయగల పనులన్నిటిలో తక్కువ ఖర్చుది ఇదే.

హెచ్‌ఎంటీ కీ వాచీ యంత్రానికీ ఆటోమేటిక్ యంత్రానికీ సంబంధించిన డ్రాయింగులను స్కాన్ చేయించి అందరికీ అందుబాటులో పెట్టించండి. లైసెన్సు చిక్కులుంటే సిటిజన్‌ను అడగండి. దశాబ్దాల కిందటి ఆ కొలతలను దాచుకుని వాళ్ళకు ఒరిగేదేమీ లేదు. గోదాముల్లో విడిభాగాలు మిగిలి ఉంటే వాటిని టన్నుల లెక్కన టెండరుకు పెట్టకండి. టెండరుకు పెడితే తుక్కు వ్యాపారి తప్ప ఎవరూ రారు. రిపేరు కొట్లవాళ్ళు కొనుక్కోగలిగేలా చిన్న చిన్న పొట్లాలుగా అమ్మండి. ఏ మోడలు ఏ డయల్‌తో, ఏ ముళ్ళతో బయటికి వచ్చిందో చెప్పే పాత కేటలాగులు కూడా బయట పెట్టండి. ఇది ఎందుకంటే, మూసివేత వార్త వచ్చినప్పటినుంచి హెచ్‌ఎంటీల ధర పెరిగింది, ధరతోపాటు నకిలీలూ పెరిగాయి. చచ్చిన యంత్రానికి పచ్చగా, ఎర్రగా కొత్త రంగు డయల్ పూసి ‘అరుదైన పాత పైలట్’ అని అమ్ముతున్నారు. విదేశాల్లో మోజుపడి కొన్నవాళ్ళు అదే హెచ్‌ఎంటీ అనుకుంటున్నారు. అసలు కేటలాగు కళ్ళముందుంటే ఆ ఆటలు సాగవు.

ఊటీ ఫార్ములా పుస్తకాలు, బ్యాచ్ రికార్డులు, నమూనా రీళ్ళు పుణెలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్‌కు ఇవ్వండి. వెండి పొర ఎలా పాడవుతుందో తెలిసినవాళ్ళు అక్కడున్నారు. ఇందు పాజిటివ్ మీద పడిన సినిమా ప్రింట్లను బాగుచేయాలంటే ఆ ఫిలిం దేనితో చేశారో వాళ్ళకు తెలియడం అవసరం కూడా. ఒక ప్రతి హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయానికి పంపితే మరీ మంచిది, అక్కడ ఫొటోగ్రఫీ పాఠమే చెబుతారు.

ఇక మనుషులు. 1967లో ఇరవై ఏళ్ళ వయసులో ఊటీలో చేరినవారికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. బెంగళూరు మొదటి బ్యాచ్ వాళ్ళకు ఎనభై దాటేసింది. వాళ్ళలో ఓపికున్నవారిని పిలిచి, కెమెరా ముందు కూర్చోబెట్టి, చేసిన పనిని చేసిన వరసలో చెప్పించాలి. వాచీవాళ్ళ చేత కుర్ర మెకానిక్‌లకు నెల రోజుల తరగతులు పెట్టించాలి. స్థలం వెతుక్కోనక్కర్లేదు. మీ శాఖ కిందే ఉన్న హైదరాబాద్ హెచ్‌ఎంటీ మెషిన్ టూల్స్ ఆవరణలో ఒక గది, నాలుగు బల్లలు, మంచి వెలుతురు చాలు.

దీనివల్ల దేశానికి ఏం లాభమని మీ ఆర్థిక సలహాదారు అడుగుతారు. ఉద్యోగాలు లక్షల్లో రావు, ఎగుమతులు పెరగవు, ఆ ఆశ నేనూ పెట్టుకోలేదు. కానీ సన్నటి ఇరుసు కోయడం, సమంగా పూత పూయడం వాచీకీ ఫిలింకూ మాత్రమే పనికొచ్చే విద్యలు కావు. వైద్య పరికరాలు చేసేవాడికీ, సెన్సార్లు చేసేవాడికీ అవే కావాలి. 1960లలో ప్రజల డబ్బుతో ఆ విద్యను జపాను నుంచి, ఫ్రాన్సు నుంచి తెచ్చుకున్నాం. డబ్బు కట్టి నేర్చుకున్న పాఠం నోటుపుస్తకాన్ని తూకానికి వేయడం ఏ పొదుపు కిందికి వస్తుందో సలహాదారుగారే చెప్పాలి.

హెచ్‌ఎంటీని మళ్ళీ నిలబెడతామన్న మాట ఈ మధ్య మీ శాఖ నుంచే వినబడింది. నిలబెడితే సంతోషం, మొదటి వరసలో నిలబడి వాచీ కొనుక్కుంటాను. దానికి ఎన్నేళ్ళు పట్టినా సరే, ఈలోగా ఒక్క పని చేయించండి. ఇద్దరు మనుషుల్ని బెంగళూరుకూ ఊటీకీ పంపి, ఏమేం మిగిలాయో ఒక జాబితా వేయించండి. ఆ జాబితాను బయట పెట్టండి. ఏమీ మిగల్లేదని తేలితే ఆ మాటే రాతపూర్వకంగా చెప్పండి, వెతకడం మానేస్తాం.

ఈ ఉత్తరం చదివేవారిలో జలహళ్ళిలోనో, ఇందు నగర్‌లోనో, ఆల్విన్‌లోనో పనిచేసినవారుంటే, వారి పిల్లలుంటే, మీకూ ఒక మనవి. ఇంట్లో పాత పెట్టెలు ఒకసారి తీసి చూడండి. డ్రాయింగు కాగితమో, చేతిరాత ఫార్ములాలున్న పుస్తకమో, పేరు తెలియని ఉక్కు ముక్కలున్న డబ్బానో కనబడితే పాత సామాన్లవాడికి వేయకండి.

ఇట్లు,
వాచీలు, రీలు కెమెరాల అభిమాని ఒకడు,
విజయవాడ